కరెంటు స్తంభం మీద తీతువు

ఏప్రిల్ 14, ఆదివారం

పెద్దమ్మ ఇంటికి వచ్చి వారం దాటింది. గొంతు అట్లనే ఉంది. మాట్లాడొద్దన్నరు కాబట్టి మాట్లాడుతలేను. మాట్లాడినా గాలి తప్ప ఏం రాదు గని, అది వేరే సంగతి.

థైరాయిడ్ గడ్డ తీసేటప్పుడు గొంతు నరానికి దెబ్బ తగిలిందట. మాట పలికించే తీగ ఒక పక్క కదులుతలేదట. "సర్దుకోవచ్చు, టైం పడతది" అన్నడు డాక్టరు. జూన్‌ల కాలేజీ తెరిచేవరకు సర్దుకుంటది. పదిహేనేండ్లు కోదాడ కాలేజీల జువాలజీ చెప్పిన గొంతు ఇది. మైకు లేకుండ ఆఖరి బెంచీ దాక పోయిన గొంతు. ఎక్కడికి పోతది?

గడ్డ మంచిదే, క్యాన్సర్ భయం లేదని రిపోర్టు వచ్చింది. అందుకు సంతోషపడాలె. పడుతున్న.

కోదాడల మా కిరాయి ఇల్లు మూడో అంతస్తు. ఒక్కదానివే మెట్లు ఎక్కి దిగుడు వద్దని పెద్దమ్మ సూర్యాపేటకు తీసుకొచ్చుకున్నది. మా ఆయన మల్లికార్జున్ మిర్యాలగూడల ఉన్నడు, వాళ్ళ రైస్ మిల్లు చూసుకుంట. ఆపరేషన్ నాడు సంతకాలు పెట్టిండు, నేను కండ్లు తెరిచేదాక కూసున్నడు, బాయిలర్ పాడైందని ఫోనొస్తే పోయిండు. నాకు కోపం లేదు. బాయిలర్ పాడైతే ఎవరైనా పోవాల్సిందే.

ఇయ్యాల ఆదివారం. రాలేదు.

ఏప్రిల్ 15

పొద్దంత పడుకున్న.

ఏప్రిల్ 17

శ్రీరామనవమి. పెద్దమ్మ పానకం చేసి, చల్లది వద్దన్నరని నాది మాత్రం గోరువెచ్చగ చేసి ఇచ్చింది. వెచ్చటి పానకం ఎవరైనా తాగుతరా? తాగిన.

సాయంత్రం వడియాలు తెమ్మంటే డాబా ఎక్కిన. ఈ ఇల్లు కట్టినప్పుడు ఊరికి ఇదే ఆఖరి ఇల్లు, దీని తర్వాత అంత బీడే. ఎండాకాలం సెలవులల్ల పెదనాన్న నన్ను సైకిల్ ముందర కడ్డీ మీద కూసోపెట్టుకొని ఆ బీడు చుట్టు తిప్పేటోడు. ఇప్పుడు వెంచరు వేసి, చదును చేసి, తెల్ల రాళ్ళు పాతిన్రు. ఇంటి ముందర నుంచే తారు రోడ్డు. రోడ్డవతల, చిన్న నీటి గుంట పక్కన, ఇంత బీడు ముక్క మిగిలింది.

ఇంటి మూలకున్న సిమెంటు స్తంభం కొస మీద తీతువు నిలబడి ఉంది.

వడియాల చాట కింద పెట్టి మళ్ళ చూసిన. నల్ల తల, కంటి ముందర ఎర్ర తోలు, పొడుగు పచ్చ కాళ్ళు. తీతువే. నేల మీద ఉరికి, నేల మీదనే గుడ్లు పెట్టే పిట్ట. కొస జానెడు కూడ లేదు. కాళ్ళు రెండు దగ్గరికి పెట్టుకొని, గాలి వచ్చినప్పుడల్ల రెక్కలు జర తెరిచి మూస్తున్నది, ఎత్తు మడమల చెప్పులు మొదటిసారి తొడిగినోళ్ళ లెక్క.

తీతువు చెట్టెక్కదని నాకు మొదట చెప్పింది మల్లికార్జునే. అప్పటికి పెండ్లి కాలేదు. నేను డిగ్రీ రెండో సంవత్సరం, ఆయన ఎమ్మెస్సీ. మూసీ కృష్ణల కలిసేకాడికి, వాడపల్లికి, మా క్లాసు, వాళ్ళ క్లాసు కలిసి బస్సుల పోయినం. ఎవరో సార్ చెప్తుంటే అందరు నీళ్ళ దిక్కు చూస్తున్నరు. ఈయన ఒక్కడు గట్టు మీద బోర్లా పండుకొని నేల దిక్కు చూస్తున్నడు. నేను ఆగి ఏందని అడిగిన. "తీతువు. ష్. గుడ్ల మీదుంది" అన్నడు. ఇంకొంచెం సేపటికి, నేను అడగకుండనే, "దాని కాలికి వెనక వేలు పేరుకే ఉంటది. కొమ్మను పట్టలేదు. జన్మల చెట్టెక్కదు" అన్నడు.

ఆ మాటనే నేను పదిహేనేండ్లు క్లాసుల చెప్పిన.

ఏప్రిల్ 19

గుడ్లు!

మన డాబా మీదనే. పైన ఇంకో అంతస్తు వేద్దామని పెదనాన్న తోలిపించిన కంకర, ఆయన పోయినంక ఎవరు ముట్టలేదు. ఆ కంకరల నాలుగు గుడ్లు, కంకర రంగులనే, మచ్చలు మచ్చలుగ. ఇంకో అడుగేస్తే తొక్కేదాన్ని. స్తంభం మీది పిట్ట నెత్తి మీదికి దూసుకొచ్చింది. చాట నెత్తికి అడ్డం పెట్టుకొని మెట్లు దిగిన.

అయితే అది స్తంభం ఎక్కింది కావలి కాయనీకె. నేల పోయింది, డాబా దొరికింది. డాబా మీద గుడ్లు పెట్టినంక నాలుగు దిక్కులు కనపడాలంటే అంతకంటె ఎత్తుకు ఎక్కాలె కద.

ఎవరికన్న చెప్పాలనిపించింది. గొంతు లేనప్పుడే ఎందుకు అనిపిస్తదో.

ఏప్రిల్ 20

పెద్దమ్మకు తెలిసింది. పొద్దుగాల నుంచి అది ఒకటే అరుసుడు మరి.

"మన ఇంటి మీదనే అరుస్తున్నదే! స్తంభం ఎక్కి మరీ అరుస్తున్నది, ఊరందరికి వినపడాలని" అన్నది. కూర తరుగుతున్న కత్తిపీట పక్కకు పెట్టింది. "మీ పెదనాన్న దవాఖానల ఉన్నప్పుడు గిట్లనే గాడ గోడ మీద కూసొని అరిసింది. నేను కండ్లార సూసిన. తెల్లారి ఆయన లేడు."

పలక మీద రాసి చూపించిన: అది ఏడుస్తలేదు పెద్దమ్మా, పిల్లలను కాపాడుకుంటున్నది.

పెద్దమ్మ కండ్లద్దాలు పెట్టుకొని చదివింది. "నాకు సదువొస్తది. రాసింది సదివిన. కని ఆ పొద్దు గాడ ఉన్నది నేను, నువ్వు గాదు" అన్నది.

పలక తుడిచి పక్కన పెట్టిన.

ఏప్రిల్ 21, ఆదివారం

రాలేదు. మిల్లుల ధాన్యం దిగుతున్నదట, మెసేజ్ పెట్టిండు. యాసంగి పంట వచ్చే రోజులు, లారీలు లైను కట్టి ఉంటయి. నాకు తెల్వదా?

మా అమ్మాయి ప్రత్యూష హైదరాబాద్ హాస్టల్ నుంచి వీడియో కాల్ చేసింది. "నువ్వేం మాట్లాడకమ్మా, నేనే మాట్లాడుత" అని అరగంట మాట్లాడింది. పెట్టేటప్పుడు "నాయిన వస్తున్నడా?" అని అడిగింది. తల ఊపిన.

ఏప్రిల్ 22

స్తంభం మీది పిట్టను ఫోన్‌ల ఫోటో తీసి మల్లికార్జున్‌కు పంపిన. ఊరికెనే. ఏం రాయలేదు కింద.

రెండు గంటలకు జవాబు: "ఎడిట్ చేసినవా?"

నవ్వొచ్చింది. నవ్వితే కుట్లకాడ గుంజింది.

ఇంకాసేపటికి: "స్తంభం కొస బల్లపరుపుగ ఉంటది, దాని మీద ఎవడైన నిలబడతడు. కొమ్మ మీద సూపియ్యి, అప్పుడు ఒప్పుకుంట."

ఎన్ని సంవత్సరాలైంది ఆయన నాతోని ఇట్ల తగువు పెట్టుకోక! పెండ్లైన కొత్తల ఆదివారం వస్తే చాలు, స్కూటర్ మీద పెద్దవూర దాక పోయేటోళ్ళం. నాగార్జునసాగర్ పోయేటోళ్ళంత మమ్మల్ని దాటి పోయేది. మేం రోడ్డు పక్కన చేన్ల గొంతుకూసొని, అది జిట్టంగి పిట్టనా, నేలపిచ్చుకనా అని కొట్లాడుకునేది. సాయంత్రానికి మొహాలు నల్లగ కమిలి ఇంటికొస్తే అత్తమ్మ "ఏం పట్టుకొచ్చిన్రు?" అని అడిగేది. ఏం లేదు అంటే ఆమెకు అర్థమే కాకపోయేది. మామయ్యకు పక్షవాతం వచ్చినంక మిల్లు ఈయన మీద పడ్డది. నాకు కోదాడల ఉద్యోగం వచ్చింది. ఎవరం ఏం తప్పు చేయలేదు. నా మాట పోయింది ఆపరేషన్‌తోని గని, మా మాటలు అంతకుముందే పోయినయ్.

ఇది ఎందుకు రాసిన?

ఏప్రిల్ 24

ఆయన నా ఫోటోను పిట్టలు చూసేటోళ్ళ మా పాత వాట్సాప్ గ్రూపుల పెట్టిండు! ఆ గ్రూపుల పండుగ శుభాకాంక్షలు తప్ప ఏం రాక ఎన్నో ఏండ్లైంది.

వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీల పనిచేసే జోసెఫ్ రాసిండు: "మా క్వార్టర్స్ నీళ్ళ ట్యాంకు మీద కూడ తీతువు నిలబడుతున్నది. నా కండ్లు పాడైనయ్ అనుకొని ఎవరికి చెప్పలే." పెద్దవూర కార్తీక్ రాసిండు: "మా మోటరు తీగ మీద నేలపిచ్చుక. మగది. పది నిమిషాలు కూసున్నది. ఫోటో తీసేలోపు పోయింది, నమ్మితే నమ్మండి." ఇంకెవరో కోదాడ నుంచి, కాలేజీ ప్రహరీ గోడ మీద తీతువు జంట అని.

అందరు చూసిన్రు. ఎవరు ఎవరికి చెప్పలేదు. నేల మీద బతికే పిట్టలు పైకెక్కుతున్నయని ఒక్కొక్కరం మనసుల పెట్టుకొని, మన కంటి తప్పే అనుకున్నం.

మల్లికార్జున్ అందరికి ఒకటే రాసిండు: "కొమ్మ మీద చూసినోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

మొండి మనిషి.

ఏప్రిల్ 27

జరిగింది జరిగినట్టు రాస్త.

పొద్దున పది దాటింది. నేను స్నానం చేసి వచ్చేసరికి పాపయ్య గేట్ల ఉన్నడు. ఇండ్లల్ల నీళ్ళ సంపులు కడిగేటాయన. చేతుల పార, గంప. పెద్దమ్మ నా దిక్కు చూడకుండ, "డాబా మీద కంకర తీపియ్యాలె, ఎన్ని రోజులు ఉంటది గట్ల" అన్నది.

నాకు అర్థమైంది. వద్దు అని అరవబోయిన. గాలొచ్చింది. పలక ఎక్కడ పెట్టిన్నో దొరకలేదు. పాపయ్య మెట్లెక్కుతుంటే నేను పక్క నుంచి తోసుకొని ముందు ఎక్కి, పోయి గుడ్ల పక్కన కంకరల కూసున్న. తడి జుట్టు, చెప్పులు లేవు. డాబా కాలుతున్నది. తీతువుకు నేనేం తెలుసు? నేను దొంగనే దానికి. రెండు పిట్టలు అరుసుకుంట నా నెత్తి మీదికి దూకుతనే ఉన్నయి. ఒకసారి రెక్క చెవికి తగిలింది.

పాపయ్య మెట్లకాడనే ఆగిండు. "అమ్మా, బిడ్డ గాడ కూసున్నది. పిట్టేమో కండ్లు పొడిసేటట్టున్నది. నేను తర్వాతొస్త" అని పార కూడ వదిలేసి దిగిపోయిండు.

పెద్దమ్మ వచ్చింది. కొంగు నెత్తి మీద కప్పుకొని, ఆ అరుపుల కిందనే నిలబడి ఏడ్చింది. "నీ కోసమే బిడ్డా. నీకేమన్న అయితే మీ అమ్మకు నేను పైకి పోయినంక ఏం సెప్పాలె? లే, కాళ్ళు కాల్తయి, లే."

నేను లేవలేదు. చేతులు జోడించిన. ఆమెకు, పెద్దమ్మకు, నేను చేతులు జోడించుడు. ఆమె నా చేతులు పట్టుకొని కిందికి దించింది.

"ఆరో తారీఖు దవాఖానకు పోవాలె కద నువ్వు. డాక్టరు బాగుందన్నడనుకో, ఉండనీ. బాగలేదన్నడా, నేనే ఎత్తి పారేస్త. అప్పుడు నువ్వు అడ్డం రాకు."

తల ఊపిన.

అరికాళ్ళకు వెన్న రాసింది. రాస్తున్నంత సేపు తిట్టింది.

ఏప్రిల్ 30

గొంతు ఇయ్యాల కొంచెం బాగున్నట్టుంది. "అ" అని చూసిన. వచ్చింది అనుకుంటున్న.

మే 2

కొమ్మ ఎక్కింది!

పక్క ప్లాట్ల ఎండిన వేప ఉన్నది, వెంచరోళ్ళు ఇంకా కొట్టేయక మిగిలింది. సాయంత్రం ఒక కుక్క ఇంటి చుట్టు తిరుగుతుంటే, మగదో ఆడదో, లేచి పోయి ఆ వేప మీద, బొటనవేలంత లావు కొమ్మ మీద వాలింది. వేళ్ళు కొమ్మను చుట్టలేదు. ఊరికె కొమ్మ మీద పాదం ఆనించి, తోక పైకి కిందికి అనుకుంట, పడేటట్టే ఉండి పడకుండ నిలబడ్డది. కుక్క పోయేదాక దిగలేదు.

ఫోటో పంపిన.

జవాబు రాలేదు. ఏడైంది, ఎనిమిదైంది, రాలేదు. మిల్లు పనిల ఉంటడు. నాకేం లేదు.

మే 3

పొద్దున ఆరున్నరకు గేటు చప్పుడు. మల్లికార్జున్. మెడల బైనాక్యులర్స్. లోపలికి వచ్చి పెద్దమ్మకు దండం పెట్టి, నా దిక్కు తిరిగి "ఏ కొమ్మ?" అన్నడు. నీ ఆరోగ్యం ఎట్లుంది అని కాదు. ఏ కొమ్మ.

రెండు గంటలు ఇద్దరం మెట్ల గది నీడల కూసున్నం. పిట్ట మూడుసార్లు స్తంభం ఎక్కింది. తొమ్మిది కావస్తుండంగ వేప మీద వాలింది. ఆయన బైనాక్యులర్స్ దించలేదు. చాలసేపటికి, "ఓడిపోయిన" అన్నడు. ఆ మాట అంత సంతోషంగ అన్నోళ్ళను నేను చూడలేదు.

బట్టతల వస్తున్నది. చెవుల మీద వెంట్రుకలు తెల్లబడ్డయి. నడుము పట్టుకొని లేచిండు. నేను ఇవన్ని ఎప్పుడు చూడలేదా?

పోయేటప్పుడు, "ఆరో తారీఖు నేను తీసుకపోత. మిల్లు మా తమ్ముడు చూసుకుంటడు" అన్నడు. మరి ధాన్యం లారీలు? అని సైగ చేసిన. "ఉండనీ" అన్నడు.

మే 6

హైదరాబాద్ పోయొచ్చినం.

ముక్కుల నుంచి సన్న గొట్టం పెట్టి చూసిండు డాక్టరు. ఎడమ పక్క తీగ కదులుతలేదు. అప్పటి లెక్కనే. ఇంకా ఎదురుచూడాలె, వ్యాయామాలు మొదలుపెట్టాలె, అయినా పాత గొంతు మొత్తం వస్తదని చెప్పలేనన్నడు. టీచరా అని అడిగిండు. మల్లికార్జున్ "అవును, లెక్చరర్. చాలా పెద్ద గొంతు ఈమెది" అన్నడు.

తిరిగి కార్ల వస్తున్నం. నార్కట్‌పల్లి దాటినంక రోడ్డు పక్కకు ఆపిండు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకొని, "ఆపరేషన్ నాడు నేను బాయిలర్ కోసం పోలేదు అహల్యా" అన్నడు. "బాయిలర్ పాడైన మాట నిజమే. తమ్ముడు చూసుకునేటోడు. నువ్వు కండ్లు తెరిచి ఏదో అనబోయినవ్, రాలేదు. నాకు గాడ నిలబడబుద్ధి కాలే. భయమైంది."

పలక పక్కకు పెట్టిన. ఆయన చెయ్యి మీద చెయ్యి పెట్టిన. లారీలు పోతుంటే కారు ఊగింది.

ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ గేట్లనే ఉన్నది. ఏమన్నడు, ఏమన్నడు అని. నాకు పాపయ్య పార గుర్తొచ్చింది. నేను బొటనవేలు పైకెత్తుదామనుకున్న, చెయ్యి లేవలేదు. అప్పుడు మల్లికార్జున్, చెప్పులు విడుచుకుంట, మామూలుగ అన్నడు: "బాగనే ఉందన్నడు పెద్దమ్మా. పరేషాన్ ఏం లేదు."

పెద్దమ్మ ఇద్దరి మొహాలు చూసింది. "మంచిది" అని నీళ్ళు తేనీకె లోపలికి పోయింది.

ఆయనకు గుడ్ల ఒప్పందం సంగతి నిన్ననే మెసేజ్‌ల చెప్పిన.

మే 7

అన్నం సయించలేదు. పడుకున్న.

మే 11

వ్యాయామాలు చేస్తున్న. గొంతు మేక అరిసినట్టుంది. పెద్దమ్మ వినకుండ బాత్రూంల.

ఆయన రోజు సాయంత్రం ఫోన్ చేస్తున్నడు. ఆయన మాట్లాడతడు, నేను ఫోన్ మీద వేలితోని కొడుత. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు.

మే 15

పిల్లలు లేచినయి. మూడు. ఒక గుడ్డు అట్లనే ఉండిపోయింది. కంకర రాళ్ళకు కాళ్ళొచ్చినట్టు ఉరుకుతున్నయి.

డాబా ప్రహరీ నడుమెత్తు. అవి ఎక్కలేవు. తల్లి కింద బీడుల దిగి పిలుస్తున్నది, తండ్రి స్తంభం మీద నుంచి పిలుస్తున్నడు. పిల్లలు గోడ వెంట అటు ఇటు. నీళ్ళు లేవు, పురుగు లేదు, పదైతే డాబా పెనం. నీళ్ళు పెట్టిన, తాగలేదు. మల్లికార్జున్‌కు రాసిన: పిల్లలు లేచినయ్, దిగలేవు.

"వస్తున్న" అని వచ్చింది.

మే 16

వస్తున్న అంటే నిన్ననే వచ్చిండు. ఇయ్యాల తెల్లవారంగ దింపుదామనుకున్నం. ఇప్పుడు రాస్తున్న.

ఆయన తువ్వాల నెత్తికి చుట్టుకొని పిల్లలను పట్టిండు, నేను గంప పట్టుకున్న. చేతుల పెడితే బరువే లేదు, గుండె కొట్టుకునుడు మాత్రం తెలుస్తున్నది. పెద్దలు రెండు మా మీద పడి అరుపులు. మెట్లు దిగి గేటు దాటినం. తారు రోడ్డు అవతల బీడు. గంప ఇవతల పెడదాం, తల్లి పిలిస్తే అవే దాటుతయి, మన చేతితోని మరీ దూరం తీసుకపోతే తల్లి బెదురుతది అన్నడు ఆయన.

రోడ్డు ఒడ్డున గంప వంచినం. తల్లి అవతల నుంచి పిలిచింది. ఒకటి ఉరికింది. రెండోది వెనకనే. మూడోది రోడ్డు నడుమ, ఏమనుకున్నదో, కాళ్ళు ముడుచుకొని తారు మీద అతుక్కపోయింది. అప్పుడే మూల తిరిగి మట్టి టిప్పర్ వస్తున్నది.

నేను అరిచిన. ఏం వినపడ్డదో నాకు తెల్వదు. ఆయన చెయ్యెత్తిండు, డ్రైవర్ ఫోన్ చూస్తున్నడు.

పెద్దమ్మ ఎప్పుడు బయటికొచ్చిందో! చేతుల ముగ్గు గిన్నె. పోయి రోడ్డు నడిమిట్ల నిలబడ్డది. "ఆగు! ఆపురా బండి! పిల్లలు పోతున్నయ్ కనపడ్తలేదా? కండ్లున్నయా నీకు?" ఆ గొంతు! టిప్పర్ కీచుమని ఆగింది. డ్రైవర్ తల బయటపెట్టి, "ఎక్కడమ్మా పిల్లలు?" అన్నడు. పెద్దమ్మ ముగ్గు చెయ్యితోని నేల చూపించింది. ఆ మూడోది లేచి, తీరిగ్గ, బీడులకు పోయింది. టిప్పర్ పోయేదాక పెద్దమ్మ కదలలేదు.

తర్వాత అరుగు మీద కూసొని ఆయాసపడింది. నేను నీళ్ళిచ్చిన. తాగి, మల్లికార్జున్ దిక్కు చూసి, "నువ్వు అబద్ధం మంచిగ ఆడలేవు నాయినా" అన్నది.

ఆయన గతుక్కుమన్నడు.

"ఆ పొద్దే తెలిసింది. డాక్టరు బాగుందంటే ఇది అన్నం తినకుండ గోడ దిక్కు తిరిగి పంటదా? పొద్దున బాత్రూంల ఆ అరుసుడేంది? నాకు సెవులు లేవా?"

అయితే గుడ్లు ఎందుకు తీయలేదని పలక మీద రాసిన. చదివి, కండ్లద్దాలు తీసి, కొంగుతోని తుడుచుకున్నది.

"పార పట్టుకొని ఎక్కిన, ఎనిమిదో తారీఖు, నువ్వు పండుకున్నప్పుడు. అది గుడ్ల మీద నుంచి లేవలే. నోరు తెరుసుకొని, ఎండకు రొప్పుకుంట, నన్నే సూస్తున్నది. ఒక్క కూత కూడ కుయ్యలే. నీ లెక్కనే కూసున్నది. ఇగ నా చెయ్యి రాలే."

"ముగ్గు సగంల ఉన్నది" అని లేచి పోయింది.

మే 19

పిల్లలు రెండే కనపడుతున్నయి. గద్ద కావొచ్చు. మల్లి, అదే మల్లికార్జున్, ఫోన్ చేస్తే ఫోన్ మీద ఏం కొట్టాలో తెల్వలే. ఆయనకే అర్థమై ఊకున్నడు.

జూన్ 3

కాలేజీ తెరిచిన్రు. గొంతు కొంచెం తిరిగింది. బొంగురు, మధ్య మధ్యల తెగుతది. పాత గొంతు కాదు. పాత గొంతు రాదని ఇయ్యాల మొదటిసారి రాస్తున్న. రాదు.

ప్రిన్సిపాల్ ఈ ఏడాదికి ల్యాబ్ తీసుకోమన్నడు. చిన్న బ్యాచ్‌లు, మైకు ఇస్తమన్నడు. సరే అన్న. నోటితోనే అన్న.

జూన్ 9, ఆదివారం

కార్తీక్ రమ్మంటే పెద్దవూర పోయినం, ఆ తీగ మీది నేలపిచ్చుకను చూద్దామని. పొద్దంత చూసినం. తీగ మీద కాకి తప్ప ఏం కూసోలేదు. కార్తీక్ మొహం చిన్నగైంది. "ఒట్టు అన్నా, గీడనే" అంటడు. మల్లి నవ్వుకుంట, "నమ్మినంరా" అన్నడు. ఒకప్పుడైతే వెనక వేలు గురించి గంట చెప్పేటోడు.

తొలకరి పడ్డది. దుక్కి దున్నిన చేన్లు. కార్తీక్ చాయ్ తేనీకె పోయిండు. మేం బాయి గట్టు మీద కూసున్నం, ఆయన ఆ కొసకు, నేను ఈ కొసకు, ఎప్పుడు కూసున్నట్టే.

"వాన మళ్ళ వచ్చేటట్టున్నది" అన్న నేను.

"ఏందీ?" అన్నడు.

మళ్ళ అన్న. గాలికి పోయింది. నా గొంతు ఇప్పుడు మూరెడు దూరం పోతది, అంతకంటె పోదు.

మల్లి లేచి, పంచె దులుపుకొని, నా పక్కకు వచ్చి ఆనుకొని కూసున్నడు.

"ఇప్పుడు చెప్పు" అన్నడు.

వాన సంగతి కాదు, వేరేది చెప్పిన. చాలాసేపు చెప్పిన.